లక్ష్మి చెంపల మీద చుక్కలు

ఆ ఆదివారం పొద్దున ధరణి పెట్టుకున్న పని చాలా చిన్నది. చేపల తొట్టిలోంచి మూడోవంతు నీళ్ళు తోడేసి, నిన్న సాయంత్రమే బకెట్లో పట్టి, క్లోరిన్ పోవడానికి ఉంచిన నీళ్ళు పోయాలి. అద్దానికి పట్టిన పాచి తుడవాలి. నాలుగింటికి పక్కింటి శ్రీవల్లక్క, ఆమె ఆరేళ్ళ కూతురు ప్రీతి నడికుడి నుంచి వచ్చేసరికి తొట్టి తళతళలాడుతూ ఉండాలి. అంతే.

తొట్టి వాళ్ళది. అందులో ఉన్న ఒకే ఒక్క బంగారు చేప ప్రీతిది. దాని పేరు లక్ష్మి. వారం క్రితం శ్రీవల్లక్క తమ్ముడి కొడుకు అన్నప్రాసనకి వెళ్తూ తొట్టిని తెచ్చి ధరణి వాళ్ళ వరండాలో పెట్టారు. "ధరణక్కా, లక్ష్మి నాకు చెల్లెలు. చచ్చిపోకుండా చూస్తావా?" అని ప్రీతి అడిగింది. "చూస్తా," అంది ధరణి. ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్న ధరణి బయటివాళ్ళకి నోరు తెరిచి మాట ఇవ్వడం ఆ ఏడాదిలో అదే మొదటిసారి. అందుకని ఆ మాటని ఆమె చాలా భద్రంగా దాచుకుంది. లక్ష్మి ఏ రోజు ఎన్ని గింజలు తిన్నదీ నోటుబుక్కులో తేదీ వేసి రాసుకుంది కూడా.

మగ్గు ముంచబోతూ ఆమె ఆగిపోయింది. లక్ష్మి రెండు చెంపల మీదా తెల్లటి చుక్కలు ఉన్నాయి. ఆవగింజలో సగం ఉంటాయి. ముందు రెక్కల అంచునా నాలుగైదు ఉన్నాయి. నిన్న ఉన్నాయో లేదో గుర్తు రాలేదు.

మచ్చల సంగతి ధరణికి కొత్త కాదు. ఆమె బుగ్గల నిండా మొటిమలే. అవి కనపడకూడదని బయటికి వస్తే చున్నీని ముక్కు మీదికి లాక్కుంటుంది. ఎవరన్నా అడిగితే ఎండకి అంటుంది. వానాకాలంలోనూ ఎండకే అంటుంది. కానీ మొటిమలతో ఎవరూ చచ్చిపోరు. చేపల సంగతి అట్లా కాదేమోనని ఫోన్లో వెతికింది. తెల్లమచ్చ అని చేపలకి ఒక జబ్బు ఉందనీ, ఆలస్యం చేస్తే చేప చచ్చిపోతుందనీ వచ్చింది. ఆ జబ్బులో మచ్చలు ఒళ్ళంతా ఉప్పు చల్లినట్టు ఉంటాయని తర్వాతి వాక్యంలో ఉంది. చచ్చిపోతుందన్న చోటే ఆగిపోయిన ధరణి ఆ తర్వాతి వాక్యం దాకా వెళ్ళలేదు.

తొట్టి పక్కన ఒక స్టిక్కర్ అంటించి ఉంది. 'ఇలియాస్ చేపల కొట్టు, నరసరావుపేట' అని, కింద ఫోన్ నంబరు. ధరణి నోటుబుక్కు తీసి మాట్లాడాల్సింది ముందు రాసుకుంది. 'నమస్కారం. నా పేరు ధరణి. మాది రొంపిచెర్ల. మా చేపకి చెంపల మీద తెల్ల చుక్కలు వచ్చాయి.' అంతా బాగానే ఉంది. కానీ నమస్కారం తర్వాత ఏమని పిలవాలి? అంకులనాలా, అన్న అనాలా, బాబాయి అనాలా? గొంతు విననిదే వయసెట్లా తెలుస్తుంది? నంబరు నొక్కింది. ఒక్క రింగ్ అయ్యేసరికి ఫోన్ పెట్టేసింది.

రెండు నిమిషాలకి అదే నంబరు నుంచి ఫోన్ మోగింది. ధరణి ఫోన్ వంక పాముని చూసినట్టు చూసి, నోరు నొక్కేసి దిండు కింద పెట్టింది.

ఇక మిగిలింది నాన్నే. ధరణి తండ్రి మస్తాన్‌రావు మిరప రైతు. వేప పుల్ల నమలడం ఆపి, తొట్టి ముందు గొంతుకు కూర్చుని, మిరపాకుని తిరగేసి చూసినట్టే చేపని అటూ ఇటూ చూశాడు.

"తెగులే," అన్నాడు. "నా ఫోన్లో ఫోటో తియ్యి. వెంకటేశ్వర్లుకి చూపిచ్చుకొస్తా."

"ఆయనది పురుగుమందుల కొట్టు కదా నాన్నా."

"అయితే ఏంది? మచ్చ మచ్చే. ఆకు మీదయితే ఏంది, చేప మీదయితే ఏంది."

బండి మీద వెళ్ళి ముప్పావుగంటలో తిరిగొచ్చాడు. చేతిలో ఒక పొట్లం ఉంది.

"ఫోటో చూడంగానే చెప్పేశాడు. బూజు తెగులంట. పది లీటర్లకి రెండు చెంచాలు. పొద్దున మంచులో కొట్టబాకన్నాడు, సాయంత్రం కొట్టమన్నాడు."

"చేపకని చెప్పావా నాన్నా?"

మస్తాన్‌రావు కొంచెం ఆలోచించాడు. "ఆయన అడగలా. ఎన్ని రోజుల పైరని అడిగాడు. ఏడాది అన్నా. ఏడాది పైరేందని ఆశ్చర్యపోయాడు కూడా."

ధరణి పొట్లం తిప్పి వెనక ఉన్న సన్నటి అక్షరాలు చదివింది. తండ్రికి చూపించింది. మస్తాన్‌రావు దూరంగా పెట్టుకుని కూడబలుక్కున్నాడు. "చేపలకు... ప్రాణాంతకము. చెరువుల... దరిదాపుల... వాడరాదు." పొట్లం జేబులో పెట్టేసుకున్నాడు. "పదిహేనేళ్ళ నుంచి కొడతన్నా. ఎనక ఏవో రాసుంటయ్యని నాకేం తెలుసు!"

సరిగ్గా అప్పుడే నానమ్మ సరస్వతమ్మ పూజ ముగించుకుని వరండాలోకి వచ్చింది. కళ్ళజోడు సర్దుకుని తొట్టిలోకి తొంగి చూసింది. రెండు చేతులూ జోడించింది.

"తల్లి వచ్చిందిరా మస్తానూ. అమ్మవారు పోసింది."

"చేపకా?"

"ఏం, పోయినేడు మన కోళ్ళకి పోయలా? ప్రాణం ఉన్న దేనికైనా పోసిద్ది. చేప ఏం పాపం చేసింది?"

పోయినేడు కోళ్ళకి వచ్చిన మాట నిజమే. నానమ్మ వెళ్ళి వేపమండలు విరుచుకొచ్చి గేటుకి రెండు వైపులా కట్టించింది. మూడు రోజులు ఇంట్లో తిరగమోత వెయ్యకూడదంది. నీసు గుమ్మం తొక్కకూడదంది. ఆదివారం కోడికూర కోసం సంచి పట్టుకున్న మస్తాన్‌రావు ఆ సంచిని మేకుకి తగిలించి, చేప వంక చాలాసేపు చూశాడు. తొట్టిలో పసుపు వేస్తానని నానమ్మ బయలుదేరితే, ధరణి తొట్టి మీద రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"వద్దు నానమ్మా. చచ్చిపోద్ది."

"సరే, నా చేత్తో నేను వెయ్యనులే. వేపాకుతో విసురుతా," అని నానమ్మ కుర్చీ వేసుకుని అద్దానికి విసరడం మొదలుపెట్టింది. లక్ష్మి ఆకుల వెంట అటూ ఇటూ హుషారుగా ఈదింది. జబ్బు చేసినదానికి అంత హుషారేమిటన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

ఎదురింటి కోటేశ్వరమ్మ పాలచెంబుతో ఆ దారినే వెళ్తూ గేటు చూసి ఆగింది. వేపమండలు కట్టిన వాకిట్లో నిలబడి ఎవరికొచ్చిందని అడగకూడదు. అడిగితే తల్లికి కోపం వస్తుంది. కోటేశ్వరమ్మ ఈ నియమం ఎన్నడూ తప్పలేదు. అడగకుండానే తెలుసుకోవడం ఆమెకి ఎలాగూ అలవాటే. వరండాలో ధరణి కనిపించింది. చున్నీ ముక్కు దాకా కట్టుకుని, కళ్ళనిండా నీళ్ళతో ఉంది. పక్కన నానమ్మ వేపాకు విసురుతోంది. గోడ అడ్డం ఉండి తొట్టి కనపడలేదు.

"పిల్ల జాగ్రత్త సరస్వతత్తా," అంది మెల్లగా.

"చల్లగా చూసుకోవాలమ్మా. మన చేతిలో ఏముంది," అంది నానమ్మ.

అక్కడి నుంచి కబురు నడవలేదు, పరిగెత్తింది. అరగంటలో పాలబ్బాయి పాలు వీధి మలుపులో పెట్టి కేకేసి వెళ్ళిపోయాడు. గంటలో గేటు పక్కన మూడు కొబ్బరిబోండాలు వెలిశాయి. ఎవరు పెట్టారో తెలియదు. పదింటికి అవి తొమ్మిదయ్యాయి. ఒకరు పుచ్చకాయ పెట్టారు. టీ తాగడానికి వెళ్ళిన మస్తాన్‌రావు పక్కన బెంచీ మొత్తం ఖాళీ అయిపోయింది. శివరాత్రి పది రోజుల్లో ఉంది, ఊళ్ళో కుర్రాళ్ళు కోటప్పకొండ తిరునాళ్ళకి నిలువెత్తు ప్రభ కడుతున్నారు, ఈ సమయంలో ఊరికిట్లా రావడం ఏమిటని పంచాయతీ వాళ్ళు కంగారుపడి ఒక మనిషిని పంపారు. అతను ముక్కుకి గుడ్డ కట్టుకుని వచ్చి గేటు ముందు ముగ్గు పెట్టినట్టు బ్లీచింగ్ పౌడర్ చల్లాడు. గోడ పక్కన మూత లేకుండా ఉన్న బకెట్లోనూ దోసెడు పడింది. అది ధరణి నిన్న సాయంత్రం పట్టి ఉంచిన నీళ్ళ బకెట్.

ధరణి నీళ్ళు వాసన చూసింది. పారబోసింది. తొట్టి దగ్గరికి వచ్చి కూర్చుంది. నీళ్ళు మార్చడానికి లేదు. మందు లేదు. నాలుగు కావడానికి ఇంకా ఐదు గంటలే ఉంది. దిండు కింద ఫోన్ మళ్ళీ వణికింది. ఆ నంబరే. దిండు మీద ఇంకో దిండు పెట్టింది.

పదకొండున్నరకి అమ్మ మిరపచేలోంచి ఊడిపడింది. కొంగు జారిపోయి, చేతులకి కారం, మొహానికి చెమట. కూలీలతో కాయలు కోయిస్తుంటే, పక్క చేలో వాళ్ళు ఆమె మీద జాలిపడుతూ కబురు చెప్పారట. వచ్చీ రాగానే ధరణి చున్నీ పట్టి లాగింది. రెండు బుగ్గలూ తిప్పి చూసింది. నుదురు చూసింది. మెడ చూసింది. ఉన్నవన్నీ ఆమె ఎరిగిన మొటిమలే. ధరణిని గట్టిగా కావలించుకుంది. తర్వాత వదిలి, నడుం మీద చేతులు పెట్టుకుంది.

"నీకు అమ్మవారని ఊరంతా అంటందేందే?"

ఇంతసేపూ ధరణికి చేప భయం ఒక్కటే ఉంది. "నాక్కాదమ్మా. లక్ష్మికి."

"అత్తా! చేపకని చెప్పొచ్చుగా వాళ్ళకి!"

"నన్నెవరడిగారే?" అంది నానమ్మ విసరడం ఆపకుండా. "అడగనిదే నేనెట్టా చెప్పేది?"

అమ్మ విసవిసా గేటు దగ్గరికి వెళ్ళి, "మా పిల్లకి ఏం రాలా. నిక్షేపంగా ఉంది," అని వీధి అంతటికీ వినపడేట్టు చెప్పింది. ఎదురింటి అరుగు మీద కోటేశ్వరమ్మ మరో నలుగురితో కూర్చుని ఉంది. అందరూ తలలూపారు. అమ్మ లోపలికి వెళ్ళాక కోటేశ్వరమ్మ నిట్టూర్చింది.

"పాపం, పరీక్షలు దగ్గర పడ్డయ్యి. బయటికి తెలిస్తే రాయనీరని దాస్తన్నారు. దాస్తే ముదిరిపోద్ది. నర్సమ్మకి కబురు చెయ్యండి."

పన్నెండింటికల్లా ఊరి నర్సు శాంతమ్మ మందుల సంచీ భుజాన వేసుకుని వచ్చింది. ఆమె వెనక వీధి అంతా వచ్చింది, బ్లీచింగ్ గీత దాకా. అప్పుడే ఆటో ఒకటి వచ్చి ఆగింది. అందులోంచి శ్రీవల్లక్క, ఆమె చెయ్యి పట్టుకుని ప్రీతి దిగారు. ధరణికి అమ్మవారు పోసింది, పిల్లని తీసుకుని ఇప్పుడే రావద్దని కోటేశ్వరమ్మే ఫోన్ చేసి చెప్పిందట. తమ ఇద్దరికీ పోయినేడే వచ్చి తగ్గింది కాబట్టి భయం లేదని, ఆ పిల్లకి తోడుగా ఉందామని శ్రీవల్లక్క నాలుగింటికి రావాల్సింది మధ్యాహ్నానికే వచ్చేసింది. చేతిలో ఇంకో రెండు బోండాలు ఉన్నాయి.

కిటికీలోంచి ఇదంతా చూస్తున్న ధరణి మంచం వెనక్కి జరిగింది. బయట శాంతమ్మ అరుస్తోంది. "ఏమ్మా, పిల్లని తీసుకురా! ఆదివారం కూడా నా ప్రాణం తింటన్నారు. చూడకుండా నేను పోను." అమ్మ ఏదో చెప్తోంది. ఎవరూ వినడం లేదు. అంతలో ఆ గోలనంతా చీల్చుకుంటూ ప్రీతి ఏడుపు వినపడింది.

"ధరణక్క చచ్చిపోద్దా? లక్ష్మికి అన్నం ఎవరు పెట్టారు? లక్ష్మి కూడా చచ్చిపోయిందా?"

ధరణి ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. చూస్తానని మాట ఇచ్చింది తను. లక్ష్మికి బాగాలేదని ప్రీతికి చెప్పాల్సింది కూడా తనే, కోటేశ్వరమ్మ కాదు. లేచి గబగబా వరండా దాటి గేటు దాకా వెళ్ళిపోయింది. నలభై జతల కళ్ళు తన వైపే నిలిచిపోయాక గానీ ఆమెకి తెలియలేదు, చున్నీ మంచం మీదే ఉందని.

శాంతమ్మ చూపుడువేలుతో ఆమె గడ్డం పైకెత్తింది. ఎండవైపు తిప్పింది. ఒక చెంప, ఇంకో చెంప. వీధి అంతా మెడలు చాచింది.

"మొటిమలు!" అంది శాంతమ్మ. ఆమెకి మెల్లగా మాట్లాడటం రాదు. "ఉత్త మొటిమలు! వయసులో అందరికీ వచ్చేయే. నాకు ఇంతకి రెండింతలు ఉండేయి. రోజుకి రెండుసార్లు మొహం కడుక్కో, కనపడ్డ క్రీమల్లా పుయ్యబాకు, గిల్లబాకు. అయ్యే పోతయ్యి." తర్వాత వేపమండల వైపు తిరిగింది. "మరి ఇయ్యన్నీ ఎవరికి కట్టారు?"

ఇంక దాచుకోవడానికి ధరణి దగ్గర ఏమీ మిగల్లేదు. మొహం కూడా లేదు.

"చేపకి," అంది.

వెనక నుంచి ఒక ముసలాయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఎవరికంటా?" అని అడిగాడు.

"చేపకి తాతా," అంది ధరణి గట్టిగా. "ప్రీతి వాళ్ళ లక్ష్మికి. చెంపల మీద చుక్కలొచ్చాయి. నాకేం చెయ్యాలో తెలీలేదు." ప్రీతి ముందు గొంతుకు కూర్చుంది. "బతికే ఉంది ప్రీతీ. పొద్దున రెండు గింజలు తిన్నది. కానీ ఒంట్లో బాగాలేదు. నేను సరిగ్గా చూసుకోలేదేమో."

ప్రీతి మళ్ళీ నోరు తెరవబోతుండగా అమ్మ లోపలినుంచి ఫోన్ పట్టుకుని వచ్చింది. మొహం మారిపోయి ఉంది.

"ఏమే, రెండు దిళ్ళ కింద ఇదేందే? ఎవరిదో నంబరు పొద్దున్నుంచి పదకొండు సార్లు చేసింది."

ఊరు అప్పటికి చేప సంగతి మర్చిపోయింది. వయసులో ఉన్న పిల్ల, తెలియని నంబరు, పదకొండు సార్లు, రెండు దిళ్ళు. బ్లీచింగ్ గీత దాటి నలుగురు లోపలికొచ్చారు. ఫోన్ చేతిలో ఉండగానే పన్నెండోసారి వణికింది. అమ్మ స్పీకర్ నొక్కి ధరణి మొహం ముందు పెట్టింది.

"ఎవరమ్మా అది?" అంది ఫోన్లోంచి ఒక పెద్దాయన గొంతు. "పొద్దున్నే ఒక్క రింగిచ్చి పెట్టేశావు. పొద్దున్నే నాకు ఫోన్ వచ్చిందంటే ఎవరి చేపకో బాగలేదనే లెక్క. తీసేదాకా చెయ్యమని మా ఆవిడ ఖదీజా ఒకటే పోరు. చేప బతికుందా?"

ధరణి గొంతు సవరించుకుంది. పొద్దున్నుంచి రాసుకుని రాసుకుని కంఠతా వచ్చిన మాటలు వాటంతటవే వచ్చేశాయి. "నమస్కారం. నా పేరు ధరణి. మాది రొంపిచెర్ల. మా చేపకి చెంపల మీద తెల్ల చుక్కలు వచ్చాయి తాతయ్యా." ఏమని పిలవాలన్న సంగతి గొంతు వినగానే తేలిపోయింది.

"బంగారు చేపేనా? ఒళ్ళంతా ఉప్పు చల్లినట్టు ఉన్నయ్యా, చెంపల మీదేనా?"

"చెంపల మీదే. ముందు రెక్కల అంచున ఇంకొన్ని."

"తోక మీద?"

ధరణి పరిగెత్తి చూసింది. ఆమెతో పాటు ప్రీతి, శ్రీవల్లక్క, శాంతమ్మ, కోటేశ్వరమ్మ, బ్లీచింగ్ చల్లినతనూ పరిగెత్తి చూశారు. "లేవు!" అన్నారు ఆరుగురూ.

"తింటందా? రాళ్ళకేసి ఒళ్ళు రుద్దుకుంటందా?"

"తింటంది. రుద్దుకోవట్లేదు."

"అయితే జబ్బు లేదు, గిబ్బు లేదు," అన్నాడు ఇలియాస్. "వయసుకొచ్చింది. జతకట్టే ఈ రోజుల్లో మగచేపకి చెంపల మీద అట్లాగే వస్తయ్యి. ఒంట్లో బాగుంటేనే వస్తయ్యి. కొన్నాళ్ళుండి అయ్యే పోతయ్యి. నువ్వు మందులూ మాకులూ వెయ్యబాకు. పొడిచేత్తో పట్టుకోబాకు, ఒంటిమీద జిగురు పొర పోద్ది, చేపకి అదే చర్మం. రాత్రంతా నిలవుంచిన నీళ్ళు రేపు మార్చు, చాలు. బాగా చూసుకున్నావు తల్లీ."

శాంతమ్మ తొట్టినీ ధరణినీ మార్చి మార్చి చూసింది. "నేను చెప్పింది కూడా ఇదేగా," అంది.

ధరణి వరండా మెట్టు మీద కూలబడింది. నవ్వో ఏడుపో తనకే తెలియకుండా వచ్చింది. శ్రీవల్లక్క ఒక బోండాం కొట్టించి ఆమె చేతికిచ్చింది. చున్నీ లేని మొహానికి గాలి తగులుతోంది. ఎవరూ ఆమె బుగ్గల వంక చూడటం లేదు. అందరూ చేప బుగ్గల వంక చూస్తున్నారు.

"ధరణక్కా," అంది ప్రీతి తొట్టి అద్దానికి ముక్కు ఆనించి. "మరి లక్ష్మి మగవాడా?"

"అంతేగా."

"అయితే చెల్లెలు కాదు, తమ్ముడు," అని ప్రీతి దిద్దుకుంది. "పేరు మార్చను. బాధపడతాడు."

బోండాలు మొత్తం పదిహేడు తేలాయి. ఇచ్చినవాళ్ళందరూ అక్కడే ఉన్నారు కాబట్టి అక్కడే కొట్టుకుని తాగారు. కోటేశ్వరమ్మ రెండు తాగింది. "నేను ముందే అనుకున్నా, ఇదేదో చేపదని," అంది మూతి తుడుచుకుంటూ. మస్తాన్‌రావు ఎవరూ చూడకుండా మేకు దగ్గరికి వెళ్ళి సంచీ తీశాడు.

"ఆ సంచీ పెట్టేయ్ రా," అంది నానమ్మ.

"జబ్బు కాదంట కదే అమ్మా!"

"కాకపోతే మాత్రం? తల్లిని పిలిచి వేపమండలు కట్టాం. మధ్యలో విప్పి పొమ్మంటే మర్యాదా? మూడు రోజులు తిరగమోత లేదు. మూడోరోజు వేపనీళ్ళతో తలస్నానం చేయించి పంపిద్దాం."

చేపకి తలస్నానం ఎట్లా చేయిస్తారని అందరికీ తెలుసుకోవాలనే ఉంది గానీ, వేపమండలు కట్టిన వాకిట్లో అట్లాంటివి ఎవరూ అడగరు.